గిటార్ ఆంప్ ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటోందా? ముందు దిశ చూడండి, తర్వాతే నాబ్ తిప్పండి

ఆంప్ పక్కన నిలబడి వాయించే మనిషికి టోన్ మెత్తగా, నిండుగా వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు మాత్రం చెవులు మూసుకుంటారు. వాళ్ల కోసం ట్రెబుల్ (పై స్థాయి పదునైన శబ్దం) తగ్గిస్తే వాయించేవాళ్లకు గిటార్ మూగబోయినట్టు అనిపిస్తుంది, మళ్లీ కాస్త పెంచుతారు. డ్రమ్మర్‌ని అడిగితే ఒక మాట, సింగర్‌ని అడిగితే ఇంకో మాట. వీళ్లలో ఎవరి చెవీ తప్పు కాదు. ఒకే క్యాబినెట్ (స్పీకర్ బిగించిన పెట్టె, పొట్టిగా క్యాబ్) నుంచి ఒక్కొక్కరికి ఒక్కో టోన్ వెళ్తోంది, అంతే.

దీనికి చాలామంది ముందుగా ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ పాళ్లు సర్దే నాబ్‌లు) దగ్గరికి వెళ్తారు. కొత్త పెడల్ కొంటారు, పికప్ మారుస్తారు, చివరికి స్పీకర్ కూడా మారుస్తారు. కానీ ట్రెబుల్ ఒక దిక్కున గుమిగూడి మిగతా దిక్కుల్లో మాయమవుతున్నప్పుడు, ఈక్యూ అన్ని దిక్కులనూ ఒకేసారి పెంచుతుంది, లేదా ఒకేసారి తగ్గిస్తుంది. ఇద్దరి మధ్య ఉన్న తేడా అలాగే ఉండిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో వరుస వేరుగా ఉంటుంది: ముందు క్యాబినెట్ ఎటు చూస్తోందో సరిచేయడం, తర్వాత స్పీకర్ ముందు చిన్న ఏర్పాటు, ఆ తర్వాతే నాబ్‌లు. క్యాబినెట్ దిశ మార్చడానికి పైసా ఖర్చు లేదు, పైగా సగం సమస్య అక్కడే తీరుతుంది.

ట్రెబుల్ ఎందుకు సూటిగా దూసుకెళ్తుంది

కాస్త లెక్క తెలిస్తే కింద చెప్పేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, కాబట్టి ఈ భాగం దాటేయకండి.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. దాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం, అంటే ఒక్కో అల పొడవు, వస్తుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ అల పొడవు 4 మీటర్లకు పైనే. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 34 సెంటీమీటర్లు, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 11 సెంటీమీటర్ల చిల్లర. ఇక 12 అంగుళాల స్పీకర్‌లో నిజంగా కదిలే కోన్ (శబ్దం పుట్టించే గరాటు ఆకారపు కాగితం) వెడల్పు దాదాపు 26 సెంటీమీటర్లు.

అల కోన్ కంటే చాలా పెద్దదైతే శబ్దం అన్ని వైపులకూ పాకుతుంది. అందుకే క్యాబినెట్ పక్కన నిలబడ్డా బేస్ వినిపిస్తుంది. అల కోన్ కంటే చిన్నదయ్యేకొద్దీ శబ్దం టార్చి లైటు వెలుగులా ముందుకు గుమిగూడుతుంది. 12 అంగుళాల స్పీకర్‌లో ఈ గుమిగూడడం 1 కిలోహెర్ట్జ్ దాటాక బాగా తెలుస్తుంది. కోన్ మొత్తం ఒకే పలకలా కదులుతుందనుకుని లెక్క కడితే, 2 కిలోహెర్ట్జ్ శబ్దం సూటి గీత నుంచి 54 డిగ్రీలు పక్కకు వచ్చేసరికి దాదాపు అడుగంటిపోతుంది. 3 కిలోహెర్ట్జ్‌కి అది 32 డిగ్రీలు, 4 కిలోహెర్ట్జ్‌కి 24 డిగ్రీలే. నిజం కోన్ కాగితం కాబట్టి పై ఫ్రీక్వెన్సీల దగ్గర వంగుతుంది, మధ్య భాగం విడిగా కదలడం మొదలుపెడుతుంది. అందువల్ల అసలు స్పీకర్‌లో గీతలు ఇంత కచ్చితంగా ఉండవు. తీరు మాత్రం ఇదే: ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దారి ఇరుకవుతుంది.

దీనికి ఇంకో రెండు విషయాలు తోడవుతాయి. చాలా గిటార్ స్పీకర్లు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట కావాలనే ఎత్తుగా ఉంటాయి, 5 దాటాక గబగబా పడిపోతాయి. ఆ ఎత్తు లేకపోతే బ్యాండ్‌లో గిటార్ వినపడదు. మనిషి చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది కూడా సరిగ్గా ఈ మేరలోనే. అంటే స్పీకర్ ఎక్కువగా మోగేది, సూటిగా దూసుకెళ్లేది, చెవి తట్టుకోలేనిది, మూడూ ఒకే చోట కలుస్తున్నాయి.

ఇప్పుడు స్టేజీ మీద చూద్దాం. నేల మీద పెట్టిన ఆంప్‌లో స్పీకర్ మధ్యభాగం 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. వాయించే మనిషి మీటరున్నర దూరంలో నిలబడ్డాడు, చెవి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. స్పీకర్ సూటి గీత నుంచి అతని చెవి 41 డిగ్రీలు పైకి ఉన్నట్టు. 5 మీటర్ల దూరంలో అదే మట్టంలో కూర్చున్న శ్రోత చెవి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆ కోణం 9 డిగ్రీలే. వాయించే మనిషి తన మోకాళ్లకు వినిపిస్తూ, చెవికి అందని ట్రెబుల్‌ని నాబ్‌తో పెంచుతున్నాడు. ఆ పెంచినదంతా శ్రోత ముఖాన పడుతోంది.

మొదటి దశ: రోగం ఇదేనా అని తేల్చుకోండి

లూపర్ పెడల్ (వాయించినదాన్ని రికార్డు చేసి తిరిగి తిరిగి వినిపించేది) ఉంటే పని తేలిక. లేదంటే ఎవరినైనా ఒకే రిఫ్ తిరిగి తిరిగి వాయించమనండి. లూప్‌లో రెండు రకాలు ఉండాలి: గట్టిగా కొట్టే ఓపెన్ కార్డ్‌లు, సన్న తీగల మీద పై ఫ్రెట్లలో వాయించిన సింగిల్ నోట్స్. సామాన్యంగా వాడే డ్రైవ్ వేసి, సామాన్యంగా వాడే వాల్యూమ్‌లోనే పెట్టండి. ఇంట్లో చిన్నగా పెట్టి చూసింది స్టేజీకి పనికిరాదు, ఎందుకంటే వాల్యూమ్‌తో పాటు చెవికి వినిపించే తూకమే మారిపోతుంది.

లూప్ నడుస్తుండగా క్యాబ్ నుంచి రెండు మీటర్ల దూరంలో, స్పీకర్ ఎత్తుకు చెవి వచ్చేలా కూర్చోండి. సరిగ్గా ఎదురుగా మొదలుపెట్టి, దూరం మారకుండా నెమ్మదిగా పక్కకు జరగండి. పిక్ తీగను తాకే ‘టిక్’ శబ్దాన్నే పట్టుకుని వినండి. మిగతా టోన్ వదిలేయండి. ఎదురుగా అది పదునుగా, విడిగా వినిపిస్తుంది. 15 డిగ్రీల దగ్గర కొద్దిగా మెత్తబడుతుంది. 25, 30 దాటేసరికి హఠాత్తుగా నోట్‌లో కలిసిపోతుంది, గిటార్ ఒక అడుగు వెనక్కి వెళ్లినట్టు ఉంటుంది. ఆ మార్పు జరిగిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. రెండో వైపు కూడా అలాగే చేయండి. రెండు టేపుల మధ్య ఉన్నదే మీ క్యాబ్ గుచ్చే మేర.

చెవి మీద నమ్మకం చాలకపోతే ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టి, లూప్ బదులు పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన ‘హుష్’ లాంటి పరీక్ష శబ్దం) పంపండి. ఫోన్ మైక్ చెప్పే అంకెలు కచ్చితం కాకపోయినా ఫర్వాలేదు. మనకు కావలసింది ఎదురుగా, పక్కన, ఈ రెండు చోట్లా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య వచ్చే తేడా మాత్రమే. ఫోన్ అదే, యాప్ అదే కాబట్టి తేడా నమ్మదగ్గదే.

ఇక్కడ ఒక తీర్పు చెప్పాలి. ఎదురుగా గుచ్చుతూ 40 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటే, మీ సమస్య దిశదే. 40 డిగ్రీల దగ్గర కూడా గుచ్చుతుంటే ట్రెబుల్ నిజంగానే ఎక్కువైంది. నేరుగా నాలుగో దశకు, అంటే నాబ్‌ల భాగానికి వెళ్లండి. చాలాసార్లు రెండూ కొద్దికొద్దిగా ఉంటాయి. అప్పుడు కూడా దిశతోనే మొదలుపెట్టండి. దిశ సరయ్యాక గానీ అసలు ట్రెబుల్ ఎంత ఎక్కువో తెలియదు.

రెండో దశ: క్యాబ్‌ని కదపండి

అన్నిటికంటే మేలైన మందు వంచడం. క్యాబ్ ముందు అంచు కింద చెక్క దిమ్మ పెట్టి వెనక్కి వాలిస్తే స్పీకర్ మీ చెవి వైపు చూస్తుంది. పై లెక్కలోని ఆంప్‌నే 20 డిగ్రీలు వంచితే వాయించే మనిషి కోణం 41 నుంచి 21కి దిగుతుంది, శ్రోత కోణం 9 నుంచి 11కి వెళ్తుంది. 30 డిగ్రీలు వంచితే లెక్క తిరగబడుతుంది: వాయించే మనిషి 11 డిగ్రీల దగ్గర, శ్రోత 21 దగ్గర. ఇప్పుడు ట్రెబుల్ ఎక్కువైతే ముందు బాధపడేది వాయించే మనిషే, కాబట్టి నాబ్ తనే తగ్గిస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి పెద్ద ఆంప్‌లకు పక్కన వంచే కాళ్లు ఇచ్చింది ఇందుకే. మార్షల్ నాలుగు స్పీకర్ల క్యాబ్‌లలో పై రెండు స్పీకర్లను ఏటవాలుగా బిగించిన మోడల్ కూడా ఈ విషయంలో కొంత మేలు చేస్తుంది.

వంచేటప్పుడు ఒక జాగ్రత్త. విడి హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) క్యాబ్ పైన ఉంటే అది జారుతుంది. దించి పక్కన పెట్టండి. కాంబో ఆంప్ (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) అయితే వెనక్కి పడకుండా గోడో, స్టాండో ఆసరా ఉండాలి. దాని వెనక భాగంలో వేడి బయటికి పోయే దారి మూయకండి.

వంచడం కుదరని చోట ఎత్తు పెంచండి. గట్టి స్టూల్ మీద పెడితే స్పీకర్ నడుము ఎత్తుకు వస్తుంది, మీ చెవికి కోణం బాగా తగ్గుతుంది. నేల వదలడంతో బేస్ కొంచెం పలచబడుతుంది. చిన్న స్టేజీలో అది లాభమే, బేస్ గిటార్‌తో గొడవ తగ్గుతుంది. కానీ స్పీకర్ ఇప్పుడు కూర్చున్న శ్రోతల ముఖాలకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందుకే ఎత్తు పెంచాక మీకు వినిపించేదాన్ని బట్టి ట్రెబుల్ తప్పకుండా తగ్గించాలి. తగ్గించకపోతే కొత్త చోట పాత గొడవే.

మూడో దారి పక్కకు తిప్పడం. క్యాబ్‌ని స్టేజీ అంచున పెట్టి, ప్రేక్షకుల వైపు కాకుండా స్టేజీ అడ్డంగా మీ వైపు చూసేలా పెట్టండి. సూటి ట్రెబుల్ మీకూ, డ్రమ్మర్‌కూ వెళ్తుంది. ప్రేక్షకులకు మెత్తబడిన టోన్ వెళ్తుంది, మిగిలింది పీఏ (హాల్లోని పెద్ద స్పీకర్ల వ్యవస్థ) చూసుకుంటుంది. సౌండ్ ఇంజనీర్లకు ఇది బాగా నచ్చే ఏర్పాటు. అవతలి అంచున నిలబడే సింగర్ మైక్‌లోకి గిటార్ దూరుతుంది కాబట్టి, ఆ మైక్ సూటి గీతలో లేకుండా మాత్రం చూడండి.

వెనక మూత లేని క్యాబ్ అయితే గోడకు ఆనించకండి. వెనక నుంచి వచ్చే శబ్దం గోడకు తగిలి గది అంతా పరుచుకుంటేనే ముందు వైపు పదును కాస్త కప్పబడుతుంది. గోడకీ దానికీ మధ్య కనీసం అర మీటరు ఉండనివ్వండి.

రెండు స్పీకర్లు ఉంటే నిలబెట్టండి

2×12 క్యాబ్‌ని (రెండు 12 అంగుళాల స్పీకర్లున్నది) దాదాపు అందరూ అడ్డంగానే పెడతారు, హెడ్ పైన చక్కగా కూర్చుంటుందని. చూడటానికి బాగుంటుంది, వినడానికి అది చెడ్డ ఏర్పాటు. రెండు స్పీకర్ల మధ్యబిందువులు 33 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. మీరు పక్కకు జరిగినప్పుడు ఒకటి దగ్గరవుతుంది, ఒకటి దూరమవుతుంది. ఆ తేడా సరిగ్గా సగం అల అయిన చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1 కిలోహెర్ట్జ్‌కి అది 31 డిగ్రీల దగ్గర, 2 కిలోహెర్ట్జ్‌కి 15 దగ్గర, 3 కిలోహెర్ట్జ్‌కి 10 డిగ్రీల దగ్గరే. అంటే ప్రేక్షకుల్లో కుర్చీ కుర్చీకీ టోన్ మారుతుంది.

అదే క్యాబ్‌ని నిలువుగా నిలబెడితే ఈ కొట్లాట పైకీ కిందకీ మారిపోతుంది. అడ్డంగా చూస్తే ఒక్క స్పీకర్ వెడల్పే ఉంటుంది, గదిలో ఎడమ నుంచి కుడి దాకా టోన్ ఒకేలా ఉంటుంది. పై స్పీకర్ మీ చెవికి దగ్గరగా వస్తుంది కూడా. మన దగ్గర 2×12 ఉంటే, ఈ వ్యాసంలో ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయమంటాను. నాలుగు స్పీకర్ల క్యాబ్‌కి ఈ వెసులుబాటు లేదు. దానికి వంచడం, తర్వాత చెప్పబోయే ఫోమ్, ఈ రెండే దారులు.

మూడో దశ: ఫోమ్ చక్రం

క్యాబ్ కదిపినా ఎదురుగా పదును మిగిలితే, లేదా స్టేజీలో కదిపే చోటే లేకపోతే, ఇది చేయండి. గిటారిస్టుల మధ్య దీనికి ‘మిచెల్ డోనట్’ అని పేరు. స్పీకర్ ముందు ఒక అంగుళం మందం ఫోమ్ చక్రం, దాని మధ్యలో మూడు అంగుళాల రంధ్రం, ఇంతే సరంజామా.

ఇది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఫోమ్ కింది ఫ్రీక్వెన్సీలను దాదాపు అడ్డుకోదు; అవి దానిలోంచి దాటిపోతాయి. ట్రెబుల్‌ని మాత్రం మింగుతుంది. కాబట్టి ట్రెబుల్‌కి మిగిలిన దారి మధ్యలో ఉన్న మూడు అంగుళాల రంధ్రమే. మూడు అంగుళాలంటే 7.6 సెంటీమీటర్లు. అల పొడవు 7.6 సెంటీమీటర్లకు వచ్చేది 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర. అంటే గిటార్ స్పీకర్ గట్టిగా మోగే మేర దాదాపు మొత్తానికీ, ఆ రంధ్రం అల కంటే చిన్నదే. 26 సెంటీమీటర్ల కోన్ నుంచి సూటిగా దూసుకెళ్లాల్సిన ట్రెబుల్, చిన్న రంధ్రం నుంచి పక్కలకు విచ్చుకుంటూ బయటికొస్తుంది. ఎదురుగా పదును తగ్గుతుంది, పక్కన ఉన్నవాళ్లకు పోయేది చాలా తక్కువ.

ఫోమ్ ఎంచుకోవడంలోనే అసలు కిటుకు ఉంది. గాలి దూరే రకం కావాలి. ముక్కని నోటికి ఆనించి ఊదండి. అవతల అరచేతికి గాలి తగలాలి. తగలకపోతే అది మూసిన గుల్లల ఫోమ్, మన పనికి రాదు. అది ట్రెబుల్‌తో పాటు మిగతా శబ్దాన్ని కూడా అడ్డుకుంటుంది. కుర్చీ మెత్తల్లో వాడే సాదా పాలీయురేథేన్ ఫోమ్ చాలావరకు గాలి దూరే రకమే. మందం 25 మిల్లీమీటర్లు. పలచటి ముక్క ఫలితం చూపదు.

12 అంగుళాల స్పీకర్‌కి చక్రం బయటి కొలత పదకొండు అంగుళాలకు అటూఇటూ, అంటే బాఫిల్‌లో (స్పీకర్ బిగించే చెక్క పలకలో) కోసిన గుండ్రటి రంధ్రాన్ని నింపేంత. 10 అంగుళాల స్పీకర్‌కి దాని రంధ్రాన్ని కొలిచి అంతే కోయండి. ఫోమ్ మీద కంపాస్‌తోనో, దారం కట్టిన పెన్నుతోనో రెండు గీతలు గీసి, కొత్త బ్లేడుతో కోయండి. మొద్దు బ్లేడు ఫోమ్‌ని పీకుతుంది. ఒకేసారి లోతుగా నొక్కకుండా, గీత మీదే మూడు నాలుగు సార్లు తేలిగ్గా తిప్పితే అంచు నిటారుగా వస్తుంది. కోసిన అంచు దగ్గర పొడి రాలుతుంది. బయటే బాగా దులిపి, ఆ తర్వాతే క్యాబ్ దగ్గరికి తీసుకురండి.

వెంటనే లోపల బిగించకండి. ముందు గ్రిల్ బట్ట మీద, స్పీకర్‌కి సరిగ్గా ఎదురుగా, పెయింటర్లు వాడే తేలిక టేపుతో అంటించి చూడండి. రంధ్రం డస్ట్ క్యాప్‌కి (కోన్ మధ్యలోని గుండ్రటి మూతకి) ఎదురుగా రావాలి. బట్టలోంచి కనపడకపోతే వెనక నుంచి లైటు వేయండి. మొదటి దశలో చేసిన లూప్ పరీక్ష మళ్లీ చేయండి. ముందు అంటించిన టేపు ముక్కలు నేల మీదే ఉన్నాయిగా, వాటి మధ్య నడవండి. పదును ఒక్కసారిగా తెగిపడకుండా క్రమంగా మారుతుంటే ఫోమ్ పని చేస్తున్నట్టే. టోన్ మరీ మొద్దుబారినట్టు అనిపిస్తే రంధ్రం అర అంగుళం పెంచి చూడండి. ఇంకా గుచ్చుతుంటే రంధ్రం తగ్గించకండి, రంధ్రం డస్ట్ క్యాప్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చుందో లేదో చూసుకోండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

నచ్చాక గ్రిల్ విప్పి లోపల పెట్టొచ్చు. గ్రిల్ ఫ్రేమ్ వెనక వైపు వెల్క్రోతో అంటిస్తే ఎప్పుడైనా తీసేయొచ్చు. ఫోమ్ కోన్‌కి ఏ పరిస్థితిలోనూ తగలకూడదు. గట్టిగా వాయించినప్పుడు కోన్ కొన్ని మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, కాబట్టి కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి. స్పీకర్‌ని బాఫిల్‌కి ముందు నుంచి బిగించిన క్యాబ్‌లలో ఈ ఖాళీ దొరకదు. అలాంటప్పుడు ఫోమ్‌ని బయటే ఉంచడం మేలు.

కొందరు డస్ట్ క్యాప్ మీదే టేపు ముక్కో, ఫెల్ట్ ముక్కో అంటిస్తారు. దయచేసి అది చేయకండి. కోన్ బరువు మారుతుంది, స్పీకర్ స్వభావమే మారుతుంది, తీసేటప్పుడు కాగితం చిరుగుతుంది. కొనే వస్తువే కావాలనుకుంటే వెబర్ కంపెనీ బీమ్ బ్లాకర్ అని ఒకటి తయారు చేస్తుంది. స్పీకర్ మధ్యభాగానికి ఎదురుగా నిలిచే గుండ్రటి అడ్డు అది. సూటిగా వచ్చేదాన్ని పక్కలకు చెదరగొడుతుంది. నా చెవికి మాత్రం ఫోమ్ చక్రమే ఎక్కువ నచ్చుతుంది; గది అంతటా టోన్ ఒకేలా ఉండటంలో దానికి సాటి లేదు.

నాలుగో దశ: ఇప్పుడు నాబ్‌లు

ఇంతవరకు వచ్చాక పాత సెట్టింగులు మర్చిపోండి. అవి 41 డిగ్రీల దగ్గర నిలబడి పెట్టినవి.

లూప్ నడుపుతూ ఆంప్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెవి సూటి గీతలో పెట్టి నాబ్‌లు తిప్పండి. వాల్యూమ్ మరీ ఎక్కువైతే చెవి ప్లగ్‌లు పెట్టుకోండి, లేదా వెనక్కి జరగండి. అమెరికాలోని ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. ఆంప్ ఎదురుగా 100 దాటడం పెద్ద విషయం కాదు.

ముందుగా బ్రైట్ స్విచ్ ఆపండి. బ్రైట్ స్విచ్ వెనక ఉండేది వాల్యూమ్ పాట్‌ని (నాబ్ వెనక తిరిగే భాగాన్ని) దాటేసి ట్రెబుల్‌ని పంపే చిన్న కెపాసిటర్. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడే దాని ప్రభావం ఎక్కువ. పాట్ పూర్తిగా తిప్పితే దాదాపు ఉండదు. ఆంప్‌ని తక్కువ వాల్యూమ్‌లో వాడితే గుచ్చుతూ, పెంచితే బాగుపడే ఆంప్‌లలో చాలావరకు దోషి ఇదే. కొన్నిటిలో స్విచ్ లేకుండా కెపాసిటర్ నేరుగా సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని తీయించాలంటే టెక్నీషియన్ దగ్గరికే వెళ్లండి. ట్యూబ్ ఆంప్ లోపల ప్లగ్ తీసేశాక కూడా వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

తర్వాత ప్రెజెన్స్ అనే నాబ్‌ని సున్నాకి తెచ్చి, కావలసినంతే పెంచండి. ట్రెబుల్ నాబ్ కంటే ముందు దీన్ని చూడాలి, ఎందుకంటే ఇది పవర్ ఆంప్ దగ్గర పనిచేస్తుంది, గుచ్చే మేరనే తాకుతుంది. వాక్స్ ఏసీ30లో దీనికి బదులు కట్ అనే నాబ్ ఉంటుంది. అది తిరగేసినట్టు పనిచేస్తుంది, తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. ఆ తర్వాత ట్రెబుల్. చివరగా మిడ్ కాస్త పెంచండి. మిడ్ బాగా తగ్గించి పెట్టుకునే అలవాటు వల్లే చాలామందికి ట్రెబుల్ ఎక్కువ కావాల్సి వస్తుంది. గిటార్ బ్యాండ్‌లో వినపడాలంటే దానికి మిగిలిన దారి అదొక్కటే కాబట్టి. మిడ్ ఉంటే ట్రెబుల్ లేకుండానే గిటార్ ముందుకొస్తుంది.

గిటార్ మీద టోన్ నాబ్ ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. పదిలో ఏడుకు తెస్తే పై అంచు మెత్తబడుతుంది, స్వభావం పోదు. పొడవాటి కేబుల్ కూడా అలాగే పనిచేస్తుంది. కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది, మామూలు పికప్‌తో కలిసినప్పుడు ట్రెబుల్ శిఖరాన్ని కిందికి లాగుతుంది. మధ్యలో బఫర్ (గిటార్ సిగ్నల్‌ని కేబుల్ ప్రభావం నుంచి కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఉంటే, దాని తర్వాత కేబుల్ ఎంత పొడవున్నా ఈ ప్రభావం ఉండదు. కొత్త పెడల్ కొన్నాక టోన్ ఉన్నట్టుండి పదునెక్కిందంటే ముందు అది చూడండి.

డ్రైవ్ పెడల్ వేసినప్పుడే వచ్చే గరగర వేరే జబ్బు. దానికి పెడల్ టోన్ తగ్గించాలి, లేదా గెయిన్ తగ్గించాలి. పారామెట్రిక్ ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీని, ఎంత వెడల్పున మార్చాలో ఎంచుకోనిచ్చేది) ఉంటే ఇరుకు బ్యాండ్‌ని పైకి లేపి 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నెమ్మదిగా జరుపుతూ వెళ్లండి. పళ్లు పులిసినట్టు అనిపించిన చోట ఆపి, అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించండి. అంతకంటే ఎక్కువ తగ్గించాలనిపిస్తే ముందు దశల్లో ఏదో మిగిలిపోయినట్టు.

స్పీకర్ మార్చాలా?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అన్నట్టు, పైవన్నీ అయ్యాక కూడా 40 డిగ్రీల దగ్గర గరుకుగానే ఉంటేనే ఈ ఆలోచన చేయండి. కొత్త స్పీకర్ అయితే ఇంకా ఆగండి. కొన్ని గంటలు గట్టిగా వాయించాక కోన్ అంచు వదులై టోన్ మెత్తబడుతుంది.

సెలెస్టియన్ వింటేజ్ 30 పై మిడ్‌లో గట్టిగా ముందుకొస్తుంది. అదే కంపెనీ జీ12ఎం గ్రీన్‌బ్యాక్ దానికంటే మెత్తన. హెంప్ నారతో చేసిన కోన్‌లు, ఉదాహరణకు ఎమినెన్స్ కానబిస్ రెక్స్, పై అంచుని ఇంకా గుండ్రంగా చేస్తాయి. అల్యూమినియం డస్ట్ క్యాప్ ఉన్న పాత జేబీఎల్ స్పీకర్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి మెరుపు నచ్చేవాళ్లకే అవి. కానీ ఏ 12 అంగుళాల కోన్ అయినా ట్రెబుల్‌ని సూటిగానే విసురుతుంది. స్పీకర్ మారిస్తే ట్రెబుల్ ఎంత ఉందో మారుతుంది, దారి మారదు.

మార్చేటప్పుడు ఓమ్స్ సరిచూడండి. ఆంప్ 8 ఓమ్స్ అడిగితే 8 ఓమ్స్‌దే పెట్టాలి, లేదా రెండు 16 ఓమ్స్ స్పీకర్లు పారలల్‌లో. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి; అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రెండు స్పీకర్లుంటే రెండూ ఒకే వైపు కదలాలి. ఆంప్ వైరు తీసేసి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీని ప్లస్ టెర్మినల్‌కి ప్లస్ తగిలేలా ఒక్క క్షణం తాకించండి; కోన్ ముందుకు రావాలి. పాత జేబీఎల్‌లు ఇదే పరీక్షలో వెనక్కి వెళ్తాయి, కాబట్టి కొత్తదానితో కలిపేటప్పుడు వాటి వైర్లు తారుమారు చేయాలి.

మైక్ పెట్టినప్పుడు

క్యాబ్ ముందు మైక్ ఉంటే ప్రేక్షకులు వినేది ఎక్కువగా మైక్ విన్నదే. షూర్ ఎస్ఎం57 డస్ట్ క్యాప్ మధ్యకు గురిపెడితే అన్నిటికంటే పదునుగా ఉంటుంది. ఆ మైక్‌కి 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర దాని సొంత ఎత్తు కూడా ఉంది. డస్ట్ క్యాప్ అంచు కోన్‌ని కలిసే చోటికి జరపండి. ఇంకా పదునైతే రెండు వేళ్లంత బయటికి జరపండి. గ్రిల్ బట్ట మీద మంచి చోటుకి చిన్న టేపు ముక్క అంటిస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. ఫోమ్ చక్రం బయట పెట్టినవాళ్లు మైక్‌ని చక్రం రంధ్రం అంచు దగ్గర పెట్టి మొదలుపెట్టండి. అక్కడి టోన్ నచ్చకపోతే ఆ కార్యక్రమానికి ఫోమ్ తీసేసి, క్యాబ్‌ని పక్కకు తిప్పడం తేలిక.

సౌండ్ చెక్‌లో గది ఖాళీగా ఉంటుంది, గోడల నుంచి తిరిగొచ్చే ట్రెబుల్ ఎక్కువ. జనం నిండాక వాళ్ల బట్టలు, ఒళ్లు ఆ తిరిగొచ్చే ట్రెబుల్‌ని పీల్చేస్తాయి, స్టేజీ మీద గిటార్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది. చెయ్యి ట్రెబుల్ నాబ్ మీదకి వెళ్తుంది. మొదటి వరుసకు సూటిగా వెళ్లే ట్రెబుల్ మాత్రం ఏమీ తగ్గలేదు. వాళ్లకీ క్యాబ్‌కీ మధ్య అడ్డేమీ లేదు. కాబట్టి రెండో పాట తర్వాత, నాబ్ ముట్టుకునే ముందు, మొదటి వరుసలో కూర్చున్న తెలిసినవాళ్లని ఒకరిని చూడండి. వాళ్లు బాగుందంటే నాబ్ అలాగే వదిలేసి, క్యాబ్‌ని ఇంకో నాలుగు డిగ్రీలు మీ వైపు వంచుకోండి.